గీతకి అవతల

మౌంట్ ఆల్బర్ట్, ఆక్లాండ్
మార్చి 5, 2006

మా చిన్నవాడు శశాంక్‌కి, ఇక్కడినుంచే చెయ్యి చాచి తల నిమిరి నాయనమ్మ రాస్తున్నది.

నువ్వు ఫోన్ చేసిన ప్రతిసారీ మీ అమ్మ రిసీవరు తెచ్చి నా చెవికి ఆనిస్తుంది. నువ్వేదో అంటావు, నాకు గుడగుడమని వినిపిస్తుంది. నేను ‘ఆఁ, ఆఁ’ అంటాను, నువ్వు ‘సరే నాయనమ్మా’ అంటావు, సరోజ పెట్టేస్తుంది. దాన్ని మాట్లాడుకోవడం అనరు. నా చెవులు పోయాయి గాని కళ్ళు బాగానే ఉన్నాయి. అందుకని ఉత్తరం.

ఇంకో కారణమూ ఉంది. ఆ ఫోను వంటింట్లో ఉంది, వంటింట్లో పెద్దవాడి పేరు, మీ అన్న పేరు, ఎత్తడానికి లేదు. ఈ ఇంట్లో కృష్ణచైతన్య అన్న మాట వినపడి రెండేళ్ళవుతోంది. మీ అమ్మ అనదు, మీ నాన్న అనడు. వాళ్ళ ముందు నేనంటే ఇద్దరూ చెరో గదిలోకి వెళ్ళిపోతారు. నీతో కాక ఇంకెవరితో చెప్పుకోను వాడి సంగతి? కాకినాడలో మీ ఇద్దరినీ చెరో పక్కన కూర్చోబెట్టుకుని దిద్దించిన అక్షరాలు ఇందుకైనా పనికొస్తున్నాయి.

ఇక్కడ వేసవి అయిపోతోంది. మీ నాన్న ఆదివారం గడ్డి కోయడం, సోమవారం నడుం నొప్పి అనడం మామూలే. వీధి మూలనున్న డెయిరీ కొట్టతను లోకల్ పేపర్లో నీ ఫోటో వచ్చిందని నాకోసం ఒక కాపీ తీసి ఉంచాడు. అందులో నీ తలకి ఇనపబోను లాంటిది ఉంది, మొహం కనపడదు. ఇది మా మనవడేనని ఎవరికి చూపించను?

శుక్రవారం శుక్రవారం మీ గదిలో రెండు మంచాలకీ దుప్పట్లు మారుస్తున్నాను. కుడివైపుది నీది, ఎడమవైపుది వాడిది. వాడి దుప్పటి కూడా మిషనులో వేస్తే సరోజ కాసేపు దాని వంక చూస్తుంది. తరవాత మిగతా బట్టలతో పాటు ఆరేస్తుంది.

నీకు తెలియని సంగతి కాదు, అయినా రాస్తాను, రాస్తే బరువు దిగుతుంది. మురివై బీచి దగ్గర రాళ్ళ మీద చేపలు పట్టుకుంటున్నవాణ్ణి అల లాక్కుపోయింది. పదోరోజున ఆ ఇసక మీదే మీ నాన్న పిండం పెట్టాడు. ఈ ఊళ్ళో కాకి లేదు. కాకి నలుపుకి తెల్లమచ్చలు వేసినట్టు మాగ్‌పైలున్నాయి, అవీ ఆవేళ రాలేదు. పక్షి ఏదైనా పక్షేనన్నారు పట్టాభిరామయ్యగారు. ఆయన వారమంతా ఆఫీసులో పని చేసి శని ఆదివారాలు పౌరోహిత్యం చేసే మనిషి, ఇంటికి వెళ్ళే తొందర ఆయనది. సముద్రపు పక్షులు పైన తిరుగుతున్నాయి గాని ఒక్కటీ దిగదు. పోయినవాడికి తీరని కోరిక ఏదో ఉంటే పక్షి ముట్టదు, ఆ కోరిక పైకి చెప్పి, తీరుస్తామని మాట ఇవ్వాలి. మీ నాన్నకి నోరు పెగల్లేదు. చివరికి నేనే అన్నాను, ‘నాయనా, నీ ఆట నీ తమ్ముడు ఆడతాడు, నువ్వు వెళ్ళు’ అని. మాట పూర్తికాకుండానే తెల్లపక్షి ఒకటి దిగి ముద్ద ఎత్తుకుపోయింది.

అందరూ హమ్మయ్య అనుకున్నారు. నాకు మాత్రం ఈనాటికీ నమ్మకం కుదరలేదు. అది మనుషుల చేతుల్లోంచి చిప్సు లాక్కుపోయే పక్షి. దాని సాక్ష్యం ఏపాటిది? కాకి ముట్టి ఉంటే నేను నిశ్చింతగా నిద్రపోయేదాన్ని.

నా మాట నువ్వు నిలబెట్టావు. ఊరంతా రగ్బీ ఆడుతుంటే వాడికి ఆ అమెరికా ఫుట్‌బాల్ మోజు పట్టింది. పార్కులో నువ్వు విసిరేవాడివి, వాడు పరిగెత్తి పట్టేవాడు. వాడు పోయాక నువ్వు పట్టడం మొదలుపెట్టావు, ఇప్పుడు జర్మనీలో అమెరికా వాళ్ళ లీగులో జీతానికి ఆడుతున్నావు. ఈ ఏటితో నీకూ వాడి వయసే వచ్చింది, ఇరవై ఒకటి.

టీవీలో ఆ ఆట చూశాను గాని ఏమీ బోధపడలేదు. అందరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడతారు, లేస్తారు, మళ్ళీ గుండ్రంగా నిలబడి మీటింగు పెట్టుకుంటారు. అందులో నువ్వు చేసే పనేమిటో నాకు తెలిసేట్టు రాయి. తలకి నూనె పెట్టుకో.

నీ రాక కోసం వీధివైపు చూస్తూ,
నాయనమ్మ రమామణి


కొలోన్, జర్మనీ
మార్చి 19, 2006

నాయనమ్మా,

నీ ఉత్తరం లాకర్ రూములో చదివాను. నా రూమ్‌మేట్, అమెరికాలో జార్జియా నుంచి వచ్చినవాడు, తొంగిచూసి ఇవి అక్షరాలా బొమ్మలా అని అడిగాడు. మా నాయనమ్మ తిడుతోంది అని చెప్పాను. వాళ్ళ నాయనమ్మ కూడా తిడుతుందిట.

నేను చేసే పని చెప్తాను. నన్ను వైడ్ రిసీవర్ అంటారు. అందరూ మధ్యలో గుంపుగా నిలబడితే నేను ఎడమ చివర ఒక్కణ్ణే దూరంగా నిలబడతాను. ఆట మొదలవగానే ముందే అనుకున్న దారిలో పరిగెత్తాలి, అనుకున్న చోట తిరగాలి. తిరిగేసరికి బంతి గాల్లో ఉంటుంది. పట్టుకోవాలి. అంతే. కష్టం ఎక్కడంటే, బంతిని చూస్తున్నప్పుడు నన్ను పడగొట్టడానికి వచ్చేవాడు కనపడడు. వాణ్ణి చూస్తే బంతి పోతుంది. అందుకని వాణ్ణి చూడకూడదు. అమెరికా వాడు కాని ఆటగాడు ఒకడు అప్పుడప్పుడు మైదానంలో ఉండి తీరాలని ఇక్కడి రూలు. మా టీములో ఆ ఒకణ్ణి నేను. రూలు కోసం ఉంచుకున్నవాడని అందరూ అనుకుంటారు, కాదని చూపించాలి.

నిన్న మొదటి మ్యాచ్. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నా ఎడమపక్కన మైదానం అంచు, అక్కడ తెల్లగీత ఉంటుంది. గీత దాటితే ఆటలో లేనట్టే. రెండోసారి పరిగెత్తినప్పుడు గీతకి అవతల ఎవరో నాతో సమానంగా పరిగెడుతున్నారు. చూడలేదు, చూడకూడదు కదా. అడుగులు విన్నాను. పళ్ళ సందులోంచి ఈల వేసినట్టు ఊపిరి. నాయనమ్మా, అలా ఊపిరి తీసేవాడు ఒక్కడే, ముందుపళ్ళ మధ్య సందు ఉన్నవాడు. నీకు వేరే చెప్పక్కర్లేదు.

నాకు ఏడుపొచ్చింది. బంతి పట్టుకున్నాను. తరవాత ఒకడు వచ్చి గుద్దాడు, కాసేపు అంతా తెల్లగా అయిపోయింది. ఏం కాలేదు. అమ్మకి చెప్పకు.

ఇక్కడ కాకులున్నాయి. రైన్ ఒడ్డున చెట్ల నిండా అవే. మన కాకులకంటే లావు.

నీ చిన్నవాడు,
శశాంక్


మౌంట్ ఆల్బర్ట్
ఏప్రిల్ 1, 2006

నా బంగారు శశాంక్‌కి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ నాయనమ్మ రాస్తున్నది.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో అడక్కు. దేవుడి అరలో, కుంకుమ భరిణె కింద పెట్టాను. సరోజ అక్కడ సర్దదు.

నాకు తెలుసు. నాకు తెలుసునని ఎవరూ నమ్మలేదు. వాడు వెళ్ళలేదు. వెళ్ళకపోవడం మంచిది కాదని తెలిసీ సంతోషంగా ఉంది, ఏం చెయ్యను? మొన్న ఉగాది పచ్చడిలో వేపపువ్వు కూడా తియ్యగా ఉందన్నాను. మీ నాన్న నా నాలుక చూపించమన్నాడు.

వాడు ఎలా ఉన్నాడు? చలికి కప్పుకోవడానికి ఏదైనా ఉందా? ఒంటి మీద ఆవేళ వేసుకెళ్ళిన నీలం జాకెట్టేనా? ఏమైనా మాట్లాడాడా? అత్తయ్య ఎలా ఉందని అడిగాడా? నీకు గుర్తే కదా, మీ అమ్మ నన్ను ‘అత్తయ్యా’ అంటుంటే విని వాడూ అత్తయ్యా అనేవాడు. ఎంత చెప్పినా మానలేదు, ఆఖరిరోజున కారెక్కుతూ కూడా ‘అత్తయ్యా, చేపలు తెస్తా, కారం నూరి ఉంచు’ అన్నాడు.

ఈసారి పరిగెత్తేటప్పుడు నెమ్మదిగా పిలిచి చూడు. బంతి ఒకటి పోతే పోయింది.

చేగోడీలు చేసి పంపిస్తున్నాను. సగం నువ్వు తిను, సగం వాడికని బయట గోడ మీద పెట్టు. పోస్టాఫీసు అమ్మాయి ఇవేమిటని అడిగితే నోరు తిరక్క రింగులని చెప్పాను, ఏం రాసుకుందో ఏమో.

గుద్దినప్పుడు తెల్లగా అయిపోయిందన్నావు. అది నీరసం. పొద్దున ఆ రొట్టెముక్కలు తిని పరిగెడితే అంతే అవుతుంది. అన్నం వండుకో. ఊళ్ళో వాళ్ళందరి దిష్టీ నీ మీదే, ఉప్పు మిరపకాయలు తిప్పి పారెయ్యమని నీ రూమ్‌మేటుకి చెప్పు.

ఈ నెల మధ్యలో వాడి ఆబ్దికం. మురివైలోనే చెయ్యాలని మీ నాన్న నిర్ణయించాడు. మళ్ళీ ఆ పక్షులే.

ఇద్దరినీ తలుచుకుంటూ,
నాయనమ్మ


కొలోన్
ఏప్రిల్ 11, 2006

నాయనమ్మా,

చేగోడీలు అందాయి. రూమ్‌మేట్ ఒక్కటి తిని నీళ్ళ సీసా ఖాళీ చేశాడు, తరవాత డబ్బా అంతా తినేశాడు. గోడమీద పెట్టడానికి నాలుగే మిగిలాయి.

మాట్లాడాడు. ‘ఇటు’ అన్నాడు. ఆ ఒక్క మాటే. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు నా చొక్కా పట్టుకుని అనేవాడే, సరిగ్గా అలాగే. నేను ఎడమపక్కకి ఒరిగాను, నన్ను గుద్దడానికి గాల్లోకి లేచినవాడు పక్కనుంచి వెళ్ళిపోయి నేలమీద పడ్డాడు. బంతి నా చేతుల్లోకి వచ్చింది. అలాగే చివరిదాకా పరిగెత్తాను. స్టేడియం అంతా లేచి నిలబడింది. టీవీలో వాళ్ళు నా పేరుని సశంకా అన్నారుట. పరవాలేదు.

అప్పటినుంచి ప్రతి ఆటలోనూ అంటున్నాడు. ప్రాక్టీసులో కూడా. కోచ్‌కి కోపమొస్తోంది. నేను ఊరికే గీతవైపు జరిగిపోతున్నానుట, రెండుసార్లు గీత దాటేశాను, పట్టిన బంతి లెక్కలోకి రాలేదు. మధ్యలోకి రావడానికి భయపడుతున్నావా అని అందరి ముందూ అడిగాడు. లేదన్నాను.

పెద్ద సంగతి. అమెరికాలో అసలు టీము ఒకదాని మనుషులు మా మ్యాచ్‌లు చూస్తున్నారు. జులైలో వాళ్ళ క్యాంపుకి పిలిచే అవకాశం ఉంది. అన్నయ్య మా గది గోడమీద రాసుకున్న కోరిక అదే కదా. కానీ వాళ్ళకి మధ్యలోకి భయం లేకుండా పరిగెత్తేవాడు కావాలి.

తల కొంచెం నొప్పిగా ఉంటోంది. వెలుతురు పడటం లేదు, రూములో కర్టెన్లు వేసి ఉంచుతున్నాను. డాక్టరుకి చెప్తే కూర్చోబెట్టేస్తారు, అందుకని చెప్పలేదు. మొన్న వాంతి అయింది. చేగోడీలు అందాయి. రూమ్‌మేట్ ఒక్కటి తిని నీళ్ళ సీసా ఖాళీ చేశాడు.

ఏం చెయ్యమంటావు? అన్నయ్య ఇటు అంటున్నాడు, కోచ్ లోపలికి అంటున్నాడు. ఎవరి మాట వినను?

శశాంక్


మౌంట్ ఆల్బర్ట్
ఏప్రిల్ 21, 2006

శశాంక్‌కి, ఇసక ఇంకా చీర కుచ్చిళ్ళలోనే ఉండగా నాయనమ్మ రాస్తున్నది.

ఆబ్దికం అయింది. గాలికి పొయ్యి నిలవక పట్టాభిరామయ్యగారు మంత్రాలు మధ్యలో ఆపి కారు అడ్డం పెట్టించారు. మీ అమ్మ కారులోనే కూర్చుంది, దిగలేదు. మీ నాన్న ముద్ద పెట్టి వెనక్కి వచ్చాడో లేదో ఆ తెల్లపక్షులు గుంపుగా మీద పడ్డాయి. ఈసారి మాటివ్వడానికి కూడా వ్యవధి ఇవ్వలేదు. చూస్తూ నిలబడ్డాను. నాకు దుఃఖం రాలేదు. వాడు ఇక్కడ లేడు కదా, మా చిన్నవాడి దగ్గరున్నాడు కదా అనుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు కారులో కూనిరాగం తీశానట, సరోజ అద్దంలోంచి నా వంక చూసింది.

చేగోడీల సంగతి ఒకే ఉత్తరంలో రెండుసార్లు రాశావు. అంత నచ్చాయన్నమాట, ఇంకో డబ్బా పంపుతాను. వాంతికి కారణం అవే అయి ఉంటాయి, నూనె పడలేదేమో. అల్లం నమిలి మింగు. తలనొప్పికి అమృతాంజనం ఇక్కడ దొరికింది, పెడుతున్నాను. వెలుతురు పడకపోతే తలంటి పోసుకోక అది.

ఇక నువ్వు అడిగిన దానికి. ఇందులో ఆలోచించేదేముంది? కోచ్ మాట విను. వాడు పిలిచాడని గీత దాటేస్తే నిన్ను ఆటలోంచి తీసేస్తారు, తీసేస్తే ఇంటికి వచ్చేస్తావు, అప్పుడు వాడు ఎక్కడ పరిగెడతాడు? నువ్వు పరిగెత్తినన్నాళ్ళే వాడు ఉంటాడు. లోపల ఉండు. అమెరికా క్యాంపుకి వెళ్ళు. వాడి కోరిక అదే, నేను మాట ఇచ్చింది దానికే.

నాకు ఈ ఒక్కటీ దక్కించు నాయనా. వాడు అత్తయ్య గురించి ఏమన్నాడో రాయనే లేదు నువ్వు.

నాయనమ్మ


కొలోన్
మే

నాయనమ్మా,

చలి లేదు. జాకెట్టు తడిసింది, అదే వేసుకున్నాను.

ఇక్కడ మైదానం చాలా పొడుగు. పరిగెడుతూనే ఉన్నా చివర రాదు. తమ్ముడు పక్కనే ఉన్నాడు కానీ నావైపు చూడడు. ఇటు అంటే వినడం మానేశాడు. లోపలికి వెళ్ళిపోతున్నాడు. లోపల అందరూ పెద్దపెద్దవాళ్ళు. వాడికి చెప్పు నాయనమ్మా.

కర్టెన్లు తియ్యొద్దని చెప్పు.

చేగోడీలు అందాయి.

నీ పెద్దవాడు,
చైతన్య


మౌంట్ ఆల్బర్ట్
మే 16, 2006

నా తండ్రీ శశాంక్, నువ్వు కళ్ళు తెరిచి చదువుకునే వేళకి ఇది నీ చేతికి అందాలి. మీ నాన్న జేబులో పెట్టి పంపుతున్నాను. సాయంత్రం విమానం.

ఆదివారం పొద్దున ఫోన్ మోగింది. సరోజ తీసింది, ఇంగ్లీషులో ఏదో విని గోడకి ఆనుకుంది. మీ నాన్న అందుకున్నాడు. నాకు ఎవరూ చెప్పలేదు, అడిగితే ‘ఏం లేదు, శశాంక్‌కి దెబ్బ తగిలింది’ అన్నారు. మీ నాన్న అటు తిరిగి అదే పనిగా చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. చివరికి సరోజే నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చెప్పింది. మధ్యలోకి పరిగెత్తావుట. బంతి పట్టావుట. రెండువైపుల నుంచీ ఇద్దరు ఒకేసారి వచ్చారుట. చాలాసేపు లేవలేదుట. తల లోపల నెత్తురు చిమ్మిందిట. ఇది మొదటి దెబ్బ కాదు, ముందు తగిలినవి ఎవరికీ చెప్పకుండా దాచాడు అన్నారుట డాక్టర్లు.

ఎవరికీ చెప్పకుండా ఎక్కడ, నాకు చెప్పావు. అన్నీ చెప్పావు. నేను అల్లం నమలమన్నాను.

నీ ఆఖరి ఉత్తరం బుధవారం వచ్చింది. కింద చైతన్య అని చూసి నాకు ఒళ్ళు తెలియలేదు. దేవుడి ముందు కూర్చుని చదివాను. మొదటి పలకరింపు దగ్గరే ఏదో అడ్డుపడింది. వాడు నన్ను ఒక్కనాడూ నాయనమ్మా అనలేదు. వాడికి నేను అత్తయ్యని. చేతిరాత నీది, భయం నీది. నా మనవడికి ఒంట్లో బాగాలేదని ఆ క్షణానే తెలిసింది నాకు. తెలిసి కూడా ఆదివారం దాకా ఆ కాగితం కుంకుమ భరిణె కింద దాచుకున్నాను, ఎవరికైనా చూపిస్తే వాడు పోతాడని. పోయినవాడికోసం ఉన్నవాణ్ణి పణం పెట్టానురా. నన్ను తిట్టు. నేను తిట్టించుకోవలసినదాన్నే.

ఫోను వచ్చిన తరవాత ఉత్తరాలన్నీ తెచ్చి సరోజ ఒళ్ళో పెట్టాను. వంటింట్లోనే, ఆ ఫోను కింద కూర్చుని చదివింది. నేను ఎదురుగా నిలబడ్డాను. మొత్తం చదివి, మడిచి, ‘చైతూ బతికుంటే తమ్ముణ్ణి ఆ గుంపులోకి వెళ్ళనిస్తాడా అత్తయ్యా’ అంది. రెండేళ్ళ తరవాత వాడి పేరు దాని నోటివెంట అదే వినడం. ఇద్దరం పట్టుకుని ఏడ్చాం. మీ నాన్న వాకిట్లో టాక్సీ కోసం నిలబడ్డట్టు నిలబడ్డాడు, అప్పటికింకా టికెట్టే కొనలేదు.

ఆ రోజు బీచిలో మాట ఇచ్చింది నేను. వాడు అడగలేదు, నువ్వు ఒప్పుకోలేదు, పక్షి దిగాలన్న తొందరలో నా నోటికి వచ్చింది అన్నాను. ఆ మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. తప్పైతే ఆ తప్పు నా నెత్తిన ఉంటుంది. నువ్వు ఆడొద్దు. అమెరికా వద్దు, జర్మనీ వద్దు.

నువ్వు నడవగలిగినప్పుడు ఒక పని చెయ్యి. మీ నాన్న చేత గుప్పెడు బియ్యం వండించి, ఆ నది ఒడ్డున, కాకులున్నచోట పెట్టండి. మంత్రాలు రాకపోతే మానె. ఈసారి నేను చెప్పను. నీ అన్నతో నీకు తోచింది నువ్వే చెప్పు.

లేచి రా.
నాయనమ్మ


కొలోన్
జూన్ 9, 2006

నాయనమ్మా,

డాక్టర్లు ఇంకా విమానం ఎక్కొద్దన్నారు, అందుకే ఉత్తరం. ఎక్కువసేపు కాగితం చూడకూడదు. రోజూ కొంచెం కొంచెంగా రాస్తున్నాను, మళ్ళీ మళ్ళీ అదే రాస్తే చెప్పమని నాన్నని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఇప్పటిదాకా ఏమీ అనలేదు.

నిన్ను తిట్టను. నేనూ నీ దగ్గర ఒకటి దాచాను. నాకు భయం వేసేది, మొదటిరోజు నుంచీ. కోచ్ అందరి ముందూ అడిగినప్పుడు నిజం చెప్పి ఉంటే బాగుండేది. అన్నయ్య పేరుతో వచ్చిన ఆ ఉత్తరం నేను రాసినట్టు గుర్తు లేదు. నాన్న వెంట తెచ్చి చూపించాడు. నా రాతే. చదివి, మడిచి నాన్నకే ఇచ్చేశాను. ఎవరు రాశారని నన్ను అడక్కు.

నిన్న నది ఒడ్డుకి వెళ్ళాం. టీము వాళ్ళిచ్చిన ఫ్లాట్‌లో నాన్న అన్నం వండాడు. గిన్నె మాడింది, పై అన్నం తీసి ముద్ద చేశాడు. ఒడ్డున గడ్డిమీద పేపరు ప్లేటులో పెట్టాం. అక్కడ సైకిళ్ళ మీద తిరిగేవాళ్ళు, కుక్కల్ని తిప్పేవాళ్ళు. నాన్న చెప్పులు విప్పాడు, నేనూ విప్పాను.

కాకులు చెట్టుమీదే ఉన్నాయి. చాలా ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. నాన్న చేతులు కట్టుకుని నీళ్ళవైపు చూస్తున్నాడు. నేను చెప్పాను. అమ్మని చూసుకుంటాను అన్నాను. రాలేదు. నాయనమ్మని చూసుకుంటాను అన్నాను. రాలేదు. నీ ఆట ఇంకెవరికైనా నేర్పిస్తాను అన్నాను. ఒకటి కొమ్మ మారింది, అంతే. నాన్న ‘పోదాం రా, చలిగా ఉంది’ అన్నాడు.

అప్పుడు నాకు తట్టింది. ఇన్నాళ్ళూ తట్టనిది తల పగిలాక తట్టింది. నేను ఎప్పుడూ ఎడమ చివరే నిలబడేవాణ్ణి కదా. నా ఎడమపక్కన ఉండేది గీత. గీతకి అవతల ఆట లేదు. మా బెంచీ ఉంటుంది, డాక్టరు ఉంటాడు, నీళ్ళ సీసాలుంటాయి. అన్నయ్య పరిగెత్తింది అక్కడ. ఒక్కసారి కూడా గీత దాటి లోపలికి రాలేదు. బంతి ఎటు వస్తుందో చెప్తున్నాడని నేను అనుకున్నాను, ఆడమంటున్నాడని నువ్వు అనుకున్నావు. వాడు ఇటు అన్న ప్రతిసారీ నన్ను బయటికి రమ్మన్నాడు నాయనమ్మా. రోడ్డుమీద చొక్కా పట్టుకుని లాగినట్టే లాగాడు. ఆ ఆఖరి మ్యాచ్‌లో కూడా అన్నాడు, చాలా గట్టిగా అన్నాడు. నేను వినకుండా లోపలికి వెళ్ళాను.

‘అన్నయ్యా, నాకు భయంగా ఉంది. బయటికి వచ్చేశాను. ఇక ఆడను’ అన్నాను.

కాకి దిగింది. ఒకటే. గడ్డిమీద నడుచుకుంటూ వచ్చి, మా ఇద్దరినీ ఓసారి చూసి, ముద్ద ముట్టింది. తరవాత మిగతావి వచ్చాయి. నాన్న అక్కడే గడ్డిలో కూలబడి ‘చైతూ, చైతూ’ అని పిలిచాడు. సైకిలు మీద వెళ్తున్న ఆవిడ ఆగి ఏమైనా సాయం కావాలా అని అడిగింది. వద్దని నేనే చెప్పి పంపించాను.

తిరిగి వస్తున్నప్పుడు నాన్న నా కుడిపక్కన నడిచాడు. ఎడమపక్క అడుగులు లేవు, ఊపిరి లేదు. ఫ్లాట్‌కి చేరేదాకా నేను అటే చూస్తూ నడిచాను. నాకు బాగుండలేదు. నయమైంది అని డాక్టర్లు అంటారు గానీ, నాకు మాత్రం వాణ్ణి రెండోసారి పోగొట్టుకున్నట్టుంది.

వచ్చే నెల వస్తాం. శుక్రవారం నా మంచానికి దుప్పటి మార్చు. ఎడమవైపు దానికి వద్దు.

శశాంక్